వచ్చే ఏడు ఇంటికే ఆఫీసు

డిసెంబరు ఆఖరు వారం వచ్చిందంటే చాలు, పేపర్ల వాళ్ళకి పూనకం వస్తుంది. వచ్చే ఏడాది మీ ఇంట్లోకి ఏమేం వస్తున్నాయో చూడండి అంటూ పేజీ నిండా రంగుల బొమ్మలు వేస్తారు. చాపలా చుట్టిపెట్టుకునే టీవీ అట, కూరగాయలు అయిపోతే తానే చెప్పే ఫ్రిజ్ అట. ఆ పేజీ చదవకుండా ఉండలేను, చదివాక నాలుగు తిట్టకుండానూ ఉండలేను. మా పక్క ఫ్లాటావిడ నవ్వుతుంది. "మీకెందుకండీ అంత కోపం? వస్తే కొనుక్కుంటాం, రాకపోతే మానేస్తాం" అంటుంది. ఆవిడకేం తెలుసు నా బాధ. అలాంటి జోస్యం ఒకదాన్ని నమ్ముకుని నేనూ మా ఆయనా చెరో ఊళ్ళో కాపురం పెట్టాం. ఆయన ఇప్పుడు లేడు. జోస్యం మాత్రం ఫలించింది.

తొంభైల చివర మేమిద్దరం మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాళ్ళం. అప్పుడు హైటెక్ సిటీ అంటే ఒక పెద్ద టవరు, దాని చుట్టూ బండలు, బండల మధ్య ఎర్రమట్టి రోడ్లు. మా ఆఫీసు ఆ టవర్లో కూడా కాదు, దాని ఎదురు సందులో, ఒక ఇంటి మొదటి అంతస్తులో ఉండేది. కింద ఇంటివాళ్ళు పప్పు తాలింపు పెడితే పైన మా అందరికీ ఆకలేసేది. మా పని ఏమిటంటే, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసి పెట్టారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలు అనుకుని తలకిందులవుతాయని లోకమంతా భయం. ఎక్కడెక్కడ ఆ అంకెలున్నాయో వెతికి, సరిచేసి, పరీక్షించి పంపాలి. కళ్ళు పీక్కుపోయే పని. బియ్యంలో రాళ్ళేరడం వచ్చినవాళ్ళెవరైనా చేయగలరని మా అమ్మతో అనేదాన్ని.

ఏడాది చివరి పనిదినాన మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. మధ్యాహ్నం అవగానే మా టీమ్ లీడర్ తెల్లబోర్డు మొత్తం తుడిచేసేవాడు. ఆయనది భీమవరం వైపు. మనిషి మంచివాడు, ప్రతి మాటకీ ఒక 'అండి' తగిలించేవాడు. ఒక్కొక్కరం లేచి, వచ్చే ఏడాది ప్రతి ఇంటికీ వచ్చేసే వస్తువు ఒకటి చెప్పాలి. ఆయన దాన్ని బోర్డు మీద రాసేవాడు. మరుసటి డిసెంబరులో ఎవరిది ఫలించలేదో వాళ్ళు మిగతావాళ్ళకి మిర్చి బజ్జీలు తినిపించాలి. ఎవరిదీ ఫలించేది కాదు కనక అందరం అందరికీ తినిపించేవాళ్ళం, రోడ్డవతల బండ నీడన ఉండే బజ్జీల బండికి ఆ రోజు పండగ.

మేం చెప్పిన జోస్యాలు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. టీమ్ లీడర్ ఏటా ఒకటే చెప్పేవాడు, మొహం చూస్తూ మాట్లాడే ఫోను వచ్చేస్తుందండి అని. నా పక్క సీటు అమ్మాయి కొత్తగా నడుముకి పేజర్ పెట్టుకుని తిరిగేది. దానికి సందేశం పంపాలంటే మనం ఒక నంబరుకి ఫోన్ చేసి ఆపరేటర్‌కి చెప్పాలి, ఆపరేటర్ టైపు చేస్తే ఆ చిన్న తెర మీద పడుతుంది. "ఇగ చూడు, పాలోడి దగ్గర కూడ పేజర్ ఉంటది" అనేది ఆ పిల్ల. సెల్‌ఫోన్ సంగతేమిటి అని ఎవరో అడిగితే, అది స్థలాలమ్మేవాళ్ళకీ సినిమావాళ్ళకీ తప్ప మనకెందుకని అందరం ఒక్కమాటగా కొట్టిపారేశాం. నేనైతే సినిమాలన్నీ వీసీడీల్లో వచ్చేస్తున్నాయి, థియేటర్లు గోడౌన్లు అయిపోతాయని ఘంటాపథంగా చెప్పాను. అంత తెలివిగలవాళ్ళం మేము.

మా ఆయన లేచాడు. కొత్తగా పెళ్ళయిన రోజులవి. ఆయనది మదనపల్లె, నాది ఇక్కడే నానక్‌రామ్‌గూడ. ఇద్దరం ఒక కంప్యూటరు మీద షిఫ్టులు మార్చుకుంటూ పనిచేసి, ఆ సీటు వేడి ఆరకుండానే ఒకరినొకరు ఇష్టపడ్డాం. ఆయన బోర్డు దగ్గరికి పోయి, గొంతు సవరించుకుని, "వచ్చే ఏడు ఇంటికే ఆఫీసు వస్తాది. ఫోను తీగలో" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఇంటికి ఆఫీసొస్తే ఆఫీసుకి ఇల్లొస్తుందా అని ఎవరో ఆటపట్టించారు. ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

అసలు సంగతి ఆ దగ్గే. మాదాపూర్ అప్పుడు రోజూ పేలుతుండేది. బండలకి తూట్లు పొడిచి మందు కూరేవాళ్ళు, ఎర్రజెండా ఊపి బండ్లు ఆపేవాళ్ళు, ఢామ్మనేది, తెల్లటి దుమ్ము లేచి ఆరేసిన బట్టల మీదా అన్నం కంచాల్లోనూ పడేది. మేం కిరాయికున్న రెండు గదుల వాటాలో కిటికీ మూసినా నేల మీద వేలితో పేరు రాయొచ్చు. ఆయన ఛాతీలోంచి పిల్లనగ్రోవి ఊదినట్టు చప్పుడొచ్చేది. మెహిదీపట్నంలో డాక్టరు చూసి, ఉబ్బసం అన్నాడు. "ఈ దుమ్ములో ఉంటే ఏటికేడాది ముదురుతుంది. మీ ఊరి గాలి మంచిది కదా, అక్కడికి వెళ్ళిపోండి" అన్నాడు. వెళ్ళి ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

ఆ ఆదివారం మా అమ్మ మా ఇంటికొచ్చింది. మా నాయన రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాడు. నేను బడికి పోయే రోజుల్లోనే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అమ్మ కూచుని చాయ్ తాగుతూ లోపలి గదిలో మా ఆయన దగ్గడం విన్నది. కప్పు కింద పెట్టేసింది.

"బిడ్డా, గా దగ్గు నాకెర్కే. మీ నాయనకి గిట్లనే మొదలైంది. ఆలస్యం చెయ్యకు, ఆయన్ని ఊరికి తోలియ్యి."

"నౌకరి ఏం గావాలె?" అన్నాను.

"నౌకరి పోతే ఇంకోటి దొర్కుతది" అని, తరవాత మాట అనకుండా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేనూ ఆయనతో వెళ్ళిపోవచ్చు కదా అంటారు. మదనపల్లెలో మా పనికి కంపెనీ ఎక్కడుంది? నా చెల్లెళ్ళిద్దరి చదువూ, అమ్మ ఇల్లూ నా జీతం మీదే నడిచేవి. ఇద్దరం ఉద్యోగాలు మానేస్తే రెండిళ్ళూ కూర్చుంటాయి. చివరికి ఆయన చెప్పిన జోస్యమే మాకు దారిగా కనబడింది. ఇంటికే ఆఫీసు వచ్చేస్తుందట కదా. పేపర్లు అదే రాస్తున్నాయి, సభల్లో పెద్దమనుషులు అదే చెబుతున్నారు, ఒక్క ఏడాది ఆగితే పల్లెపల్లెకీ ఇంటర్నెట్ లైను, కొండ మీద కూర్చునీ ఉద్యోగం చేయొచ్చు. అందాకా ఆయన మదనపల్లెలో వాళ్ళన్న ఇంట్లో ఉండాలి, నేను ఇక్కడ ఉండాలి. లైను రాగానే నేనూ అక్కడికి చేరిపోవాలి, ఇద్దరి జీతాలూ తీగలోంచి రావాలి. రోజంతా తేదీలు సరిచేసే పనిలో ఉండేవాళ్ళం కదా, ఎవరైనా ఒక తేదీ చెబితే దాన్ని నమ్మే జబ్బు మాకు ఉండేది. మామూలు మనుషులైతే, రానీ చూద్దాం అనుకునేవాళ్ళు.

మా నమ్మకం ఎంతవరకూ పోయిందో చెప్తాను. కోఠీలో విడిభాగాలు కొని ఒక కంప్యూటరు బిగించాం, దానికి ఒక మోడెమ్ కొన్నాం. ఫోను తీగని కంప్యూటరుకి కలిపే చిన్న పెట్టె అది, కొత్త మోడల్, చాలా వేగమని కొట్టువాడు పొగిడాడు. దాన్ని బస్సులో రాత్రంతా నేను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను, పసిపిల్లని పట్టుకున్నట్టు. మదనపల్లెలో మిద్దె మీది గదిలో అన్నీ సర్ది, తీగ చేత పట్టుకుని గోడలన్నీ చూశాం. ఫోను ఎక్కడుంది? ఆ ఇంట్లో ఫోనే లేదు. దరఖాస్తు పెట్టి ఏడాదైందట, ఇంకా వంతు రాలేదట. మా బావగారు గుమ్మంలో నిలబడి, "హైటెక్కు సిటీ నుంచి వచ్చినారు, ఫోను ఉండాదా లేదా అని ఒక మాట అడిగేది తెలియదా?" అని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మా తోడికోడలు ఆ మోడెమ్ మీద పూలగుడ్డ కప్పింది. ఫోను వచ్చేదాకా అది గుడ్డ కిందే ఉంది.

ఫోను కొన్ని నెలలకి వచ్చింది. అయితే మాత్రం ఏం లాభం, ఇంటర్నెట్ కలవడానికి ఫోను చేయాల్సిన నంబరు ఆ ఊళ్ళో లేదు. దూరపు కాల్ చేసి హైదరాబాదు నంబరు కలపాలి. అది కీచుమని, గరగరమని, ఏడ్చి మొత్తుకుని కలిసేది. ఒక ఫైలు దిగడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం అయ్యేది, ఇంకా కాస్త ఉందనగా కింద ఎవరో రిసీవరు ఎత్తి "హలో" అనేవాళ్ళు. అంతే, మళ్ళీ మొదటికి. మా ఆయన ఓపికస్తుడు కాబట్టి సరిపోయింది, నేనైతే ఆ మోడెమ్‌ని బావిలో పారేసి ఉండేదాన్ని.

దారి చూపించింది మా టీమ్ లీడరే. "తీగలో రావట్లేదని ఏడుస్తారెందుకండీ, బస్సుంది కదండీ" అన్నాడు. ఆ మాటతో మా వింత ఉద్యోగం మొదలైంది. సరిచేయాల్సిన ప్రోగ్రాములు నేను ఫ్లాపీల్లోకి, అంటే అరచేతిలో పట్టే చదరపు డిస్కుల్లోకి ఎక్కించి, కవర్లో పెట్టి, సాయంత్రం ఇమ్లీబన్ బస్టాండులో మదనపల్లె బస్సు డ్రైవరుకి ఇచ్చేదాన్ని. పొద్దున మా ఆయన అక్కడి బస్టాండులో తీసుకునేవాడు, పని పూర్తిచేసి మరో రాత్రి బస్సుకి తిప్పి పంపేవాడు. ఆఫీసులో ఆయన సీటు ఖాళీ, పని మాత్రం జరిగిపోతుండేది. ఇంటి నుంచి ఆఫీసు పని చేసిన మొట్టమొదటి మగాడు మా ఆయనే అని నేను ఇప్పటికీ వాదిస్తాను, కాదన్నవాళ్ళతో పోట్లాడతాను.

వచ్చే కవరుతో పాటు ఒక్కోసారి టమోటాల బుట్ట కూడా దిగేది. మా బావగారికి తోట ఉండేది. ఒకసారి టమోటాలు చితికి ఫ్లాపీలన్నీ రసమైతే, ఆఫీసులో ఫ్యాను కింద వరసగా ఆరబెట్టాను. "మీ ఆయన ప్రోగ్రాము పుల్లగున్నదే" అని పక్క సీటు పిల్ల ఏడిపించింది.

ప్రతి ఫ్లాపీలోనూ ఆఫీసుకి సంబంధం లేని ఫైలు ఒకటి ఉండేది. తెలుగు మాటలే, ఇంగ్లిషు అక్షరాల్లో, ఎందుకంటే మా కంప్యూటర్లకి తెలుగు రాదు. నేను రాసేవన్నీ తిట్లూ ప్రశ్నలూ: మందు వేసుకున్నావా, చలిలో మిద్దె మీద తిరగొద్దన్నానా లేదా, మీ వదినతో మర్యాదగా ఉంటున్నావా. ఆయనవి చిన్నవి. పొద్దున కొండ దాకా నడిచినా, దగ్గు రాలేదు అని ఒకసారి. రాత్రి పిల్లి కూడా తోడు లేదు, నువ్వుంటే బాగుండు అని ఒకసారి. ముందు అది చదివాకే పని ఫైళ్ళు తెరిచేదాన్ని. పక్క పిల్ల తొంగి చూస్తుందని తెర మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చదివేదాన్ని. ఎంత దాచినా నా మొహం చూసి అందరికీ తెలిసిపోయేది.

ఒకరోజు వచ్చిన ఫ్లాపీలు ఒక్కటీ తెరుచుకోలేదు. అన్నీ చెడిపోయాయి. సాయంత్రం బస్టాండుకి పోయి డ్రైవరుని నిలదీశాను. అతను అమాయకంగా చెప్పాడు.

"మేడం, మీవి ముఖ్యమైన సామాన్లని నేనే భద్రంగ పెట్టిన. దేవుని ఫోటో పక్కన స్పీకర్ ఉంటది చూడు, దాని మీద. గాడ ఎవ్వరు చెయ్యి పెట్టరు."

స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. ఫ్లాపీకి అయస్కాంతం తగిలిందంటే అందులోది తుడిచిపెట్టుకుపోతుంది. రాత్రంతా పాటలు వింటూ మా పని సాంతం మాయమైంది. డ్రైవరుని ఏమని తిట్టను, భక్తితో పెట్టాడాయె. పని ఫైళ్ళకి మా ఆయన దగ్గర ఇంకో కాపీ ఉంది, అవి మళ్ళీ వచ్చాయి. నాకు రాసింది మాత్రం రాలేదు. ఫోన్లో అడిగాను.

"ఏం రాసినవ్ దాంట్ల?"

"ఏదో రాసినాలే. మళ్ళీ కూర్చుని రాస్తే అట్ల రాదమ్మే."

"నోటితో చెప్పు."

"నోటితో చెప్పేదైతే రాసేదెందుకు" అని నవ్వి ఊరుకున్నాడు. ఎన్నాళ్ళు వేధించినా చెప్పలేదు. మొండి మనిషి. ఏం రాశాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ డిసెంబరులో బోర్డు తుడిచే రోజు వచ్చింది. పాత జోస్యాలన్నీ తప్పాయి, బజ్జీలు వచ్చాయి, కొత్తవి మొదలయ్యాయి. ఆయన లేడు కనక ఆయన వంతు నేను లేచాను. "వచ్చే ఏడు ఇంటికే ఆఫీసు వస్తుంది" అన్నాను. కిందటేడు విరగబడి నవ్వినవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. టీమ్ లీడర్ తల వంచుకుని, దాన్ని మిగతావాటి కన్నా పెద్ద అక్షరాలతో రాశాడు. నాకు ఏడుపు ఆగలేదు, బజ్జీ కారం అని చెప్పి బయటికి పోయాను.

లైను మాత్రం రాలేదు. వస్తుంది, తీగలు పరుస్తున్నారు, స్తంభాలు పాతారు, ఇదిగో వచ్చే నెల, అదిగో పండగ తర్వాత. మదనపల్లె వెళ్ళినప్పుడల్లా ఆయన ఊపిరి తీసుకోవడం చూస్తే నాకు కడుపు నిండేది. చప్పుడు లేదు, ఆయాసం లేదు, మిద్దె మెట్లు గబగబా ఎక్కేవాడు. తిరుగు బస్సు ఎక్కితే మాత్రం, ఆ మనిషిని వదిలి ఎందుకు పోతున్నానో నాకే అర్థం అయ్యేది కాదు. బస్సు హైదరాబాదు పొలిమేరకి వచ్చేసరికి నాకు ఒళ్ళంతా మంట. ఎవరి మీద కోపమో తెలీదు. పేపర్ల మీద అనుకునేదాన్ని.

మరుసటి ఏడు ఎండాకాలం పోయాక, పని ఇచ్చిన బయటి దేశం కంపెనీ మనుషులు తనిఖీకి వచ్చారు. ప్రోగ్రాములు బస్సులో ప్రయాణం చేస్తున్నాయని తెలిసి వాళ్ళు తెల్లబోయారు. టీమ్ లీడర్ నన్ను పక్కకి పిలిచాడు.

"నా చేతుల్లో ఏం లేదండి. మీ ఆయన ఇక్కడ సీట్లో కూర్చుంటేనే ఉద్యోగం అంటున్నారండి. లేకపోతే ఏడాది చివరికి పేరు తీసేస్తారంట."

ఆ ఆదివారం ఫోన్లో చెప్పాను. రావద్దని కూడా నేనే చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ, అక్కడే పిల్లలకి కంప్యూటరు నేర్పుకో, నేను నడుపుతాను, లైను రాగానే వస్తాను అన్నాను. అవతల ఊపిరి వినబడింది, చప్పుడు లేని శుభ్రమైన ఊపిరి. "సరేలే" అన్నాడు చివరికి. ఆ 'సరేలే'కి నేను మోసపోయాను.

ఆ ఏడాది ఆఖరి పనిదినం. బోర్డు తుడిచారు, ఇంకా ఎవరూ లేవలేదు. బయట బండ పేలింది, కిటికీలు అదిరాయి. అప్పుడే తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. భుజాన సంచి, మూతికి చేతిగుడ్డ. అందరూ కుర్చీలు తోసుకుని లేచి చుట్టుముట్టారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి లాక్కుపోయాను.

"నీకు జర బుద్ధి ఉన్నదా? డాక్టర్ ఏం చెప్పిండు? మా నాయన ఎట్ల పోయిండో నీకు చెప్పలేదా నేను?"

"చెప్పినావు" అన్నాడు. అప్పటికే ఆయాసం మొదలైంది, మెట్టు మీద కూర్చున్నాడు.

"మరెందుకొచ్చినవ్?"

"లైను వస్తాదని చూసినా. పోయినేడు రాలా, ఈ ఏడు రాలా, వచ్చే ఏడు అంటా ఉండారు. అది వచ్చేటప్పుడు వస్తాది. అందాకా నువ్వు ఈడ, నేను ఆడ. ఆడ ఊపిరి బాగా ఆడతా ఉంది, కాదన్లా. ఊరికే ఊపిరి పీల్చుకుంటా ఎన్నేండ్లు కూర్చునేదమ్మే? లైను రాలేదు, నేనొచ్చేసినా."

భుజం మీద గుద్దాను. మళ్ళీ గుద్దాను. ఆయన దగ్గుతూనే నవ్వాడు. సాయంత్రం బస్సుకే తిప్పి పంపిస్తానని బెదిరించాను కూడా. కానీ కోపం కింద నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. లోపలికి పోయాక టీమ్ లీడర్, మీ జోస్యం చెప్పండి అని ఆయన చేతికే పెన్ను ఇచ్చాడు. ఆయన తల అడ్డంగా ఊపి, పెన్ను పక్క పిల్లకిచ్చి, బజ్జీలు చల్లారుతున్నాయి అన్నాడు.

రెండు వేల సంవత్సరం మామూలుగా వచ్చింది. కంప్యూటర్లు తలకిందులవలేదు. చూశారా ఏం కాలేదు, అంతా ఉత్త హడావిడి అన్నారు జనం. మేం కళ్ళు పోగొట్టుకుని సరిచేశాం కనకే ఏం కాలేదని చెప్పబోయి మానుకున్నాను.

తర్వాత మేం దుమ్ము నుంచి పారిపోతూ బతికాం. మాదాపూర్ నుంచి గచ్చిబౌలికి, గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడలో అమ్మ ఇంటి దగ్గరికి, అక్కడా బండలు పేలడం మొదలైతే కోకాపేటకి. మేం ఎక్కడికి పోతే కొత్త టవర్లు అక్కడికి వచ్చాయి. కిటికీలకి తడిగుడ్డలు కట్టేదాన్ని. ఆయన జేబులో మందు పీల్చే గొట్టం ఎప్పుడూ ఉండేది. చాలా ఏళ్ళు కలిసే ఉన్నాం, బాగానే ఉన్నాం, పోట్లాడుకున్నాం, ఒకే కంచంలో తిన్నాం. ఊపిరి మాత్రం ఏటికేడాది తగ్గుతూ వచ్చింది, డాక్టరు చెప్పినట్టే. ఆ ఒక్క జోస్యం తేదీ తప్పలేదు. ఒక చలికాలం దవాఖానలో నా చెయ్యి పట్టుకుని ఉండగానే పోయాడు.

మరుసటి చలికాలం దాటగానే ఆ మహమ్మారి వచ్చింది. ఆఫీసులన్నీ రాత్రికి రాత్రి మూతపడ్డాయి, పని ఆగలేదు. ల్యాప్‌టాపులు ఇళ్ళకి వచ్చాయి, తీగ కూడా అక్కర్లేకుండా ఆఫీసు ఇంటికి వచ్చింది. మొహం చూస్తూ మాట్లాడే ఫోను అరచేతిలో ఉంది. మేం కొట్టిపారేసిన సెల్‌ఫోన్ కొత్తిమీర అమ్మే ఆమె చేతిలో ఉంది, పేజర్ ఏమిటో చెబితే ఈ పిల్లలకి తెలియదు. వీసీడీలు పోయాయి, థియేటర్లు మాత్రం ఉన్నాయి. పక్క సీటు పిల్లా నేనూ బజ్జీలు బాకీ. మా టీమ్ లీడర్ గెలిచాడు. అందరికన్నా పెద్ద గెలుపు మా ఆయనది. ఏడాది ఒక్కటే తప్పు చెప్పాడు.

ఇప్పుడు నా మేనేజరు ఒక చిన్న పిల్ల, కర్నూలు అమ్మాయి. ఒకరోజు మీటింగులో అందరికీ శుభవార్త చెప్పింది. ఇక ఆఫీసుకి రానక్కర్లేదు, దేశంలో ఏ మూల నుంచైనా పనిచేసుకోవచ్చు, జీతం అదే. తెర మీద గడులు గడులుగా మొహాలు. ఒకడు వరంగల్ పోతానన్నాడు, ఒకమ్మాయి నంద్యాల అన్నది, ఇంకొకడు వెనక కొబ్బరిచెట్లు కూడా చూపించాడు. అందరూ నవ్వుతున్నారు.

"మేడమ్, మీరేం చెప్పలేదు. మీరెక్కడికి పోతారు?" అని అడిగింది ఆ పిల్ల.

"నేనెక్కడికీ పోనమ్మా. ఇక్కడే ఉంటాను" అన్నాను.

"అదేంది మేడమ్, ఇప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ ఉండొచ్చు కదా" అంది. పాపం, మంచి మనసుతోనే అన్నది.

అవునమ్మా అని చెప్పి కెమెరా ఆపేసుకున్నాను. వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి ఇంట్లో వాళ్ళు, హాయిగా ఊపిరి పీల్చుకుంటూ ఆఫీసు చేస్తున్నారు. ఆ గడుల్లో ఒకటి ఆయనది కావాల్సింది. లేదు, గడి ఎందుకు, నా పక్కనే కూర్చుని ఉండాల్సింది, దగ్గు లేకుండా. ఆ లైను ఇప్పుడొచ్చి నేనేం చేసుకోను? నాకు ఆయన కావాలి.